మళ్లీ వేసిన తాళం

మందుల దుకాణానికీ జిరాక్సు సెంటరుకీ మధ్య మిగిలిపోయిన సందులో ఆ తాళాల దుకాణం ఉంది. ఇద్దరు లోపల నిలబడితే మూడో మనిషి ఊపిరికి చోటుండదు. గోడల నిండా దండలు గుచ్చినట్టు వేలాడే పళ్లు కొయ్యని తాళంచెవులు, మధ్యలో వాటిని కోసే మిషను, మిషను వెనకాల పెద్దమేస్త్రి. నలభై ఏళ్లుగా అంతే. ఆయన అసలు పేరు ఏమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆయన గురించి అందరికీ తెలిసింది ఒక్కటే. ఎవరి తలుపుకి తాళం బిగించినా ఉన్న తాళంచెవులన్నీ వాళ్ల చేతిలో పెట్టి, లెక్క చూసుకోమని చెప్పి మరీ మెట్లు దిగుతాడు. మారు తాళంచెవి ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోడు. జనం ఇళ్లు వదిలి వారాల తరబడి ఊళ్లు తిరిగొచ్చేది ఆ నమ్మకం మీదే.

ఆయన కోడలు ఆ పని నేర్చుకున్నది టీ పుణ్యమా అని. పెళ్లయిన కొత్తలో మామగారికి టీ ఫ్లాస్కు ఇచ్చి రమ్మని అత్తగారు పంపేది. ఇచ్చి రావడానికి పది నిమిషాలు చాలు. కోడలికి గంటన్నర పట్టేది. "ఆయన ఒక్కడే తాగుతున్నాడా, వీధి మొత్తానికి పోసి వస్తున్నావా?" అని అత్తగారు దెప్పేది. కోడలు నవ్వి ఊరుకునేది. పాడైపోయిన తాళాలు ఒక డబ్బాలో పడి ఉండేవి. వాటిని విప్పి, లోపలి మీటలు ఏది ఎలా లేస్తుందో వేలితో చూసి, మళ్లీ బిగించేది. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బాలో పాడైన తాళం ఒక్కటి కూడా లేదు.

మోకాళ్లు అరిగి పెద్దమేస్త్రి రోజంతా కూర్చోలేని స్థితికి వచ్చాక, ఇంట్లో పంచాయితీ జరిగింది. కొడుకుని నమ్ముకునే పని లేదు. అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగస్తుడు, తాళం పేరెత్తితే ఆవలిస్తాడు. చివరికి కోడలు దుకాణంలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు కానీ, ఉత్తినే ఒప్పుకుంటే వాళ్లు అత్తమామలు ఎందుకవుతారు? షరతులు పెట్టారు. దుకాణంలో తాళంచెవులు కొయ్యొచ్చు. తలుపు తియ్యడానికి ఎవరింటికీ ఒంటరిగా వెళ్లకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటివాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి వచ్చిన రోజున మిషను మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చెయ్యాలి.

"మగవాడు తాళం తెరిస్తే మేస్త్రి అంటారు. ఆడది తెరిస్తే ఏమంటారో నీకు నేను చెప్పక్కర్లేదు" అంది అత్తగారు.

కోడలు తలూపింది. ఆ పూట ఆమెని ఒంటికాలి మీద నిలబడమన్నా నిలబడేది.

రెండేళ్లు గడిచాయి. ఫిర్యాదు అన్నది రాలేదు. రాకుండా ఆమె ఎన్నిసార్లు పళ్లు బిగబట్టుకుందో, తాను కోసిన తాళంచెవిని పట్టుకుని "మేస్త్రిగారు బాగా కోశారు" అన్నవాళ్లకి ఎన్నిసార్లు అవునండీ అందో, ఆ లెక్క ఆమె దగ్గరే ఉంది.

ఒక మంగళవారం పెద్దమేస్త్రి కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. చుక్కలు వేశాక సాయంత్రం దాకా ఏమీ ఆనదు కాబట్టి కొడుకుని తోడు తీసుకెళ్లాడు. "తలుపు తియ్యమని ఎవరైనా ఫోన్ చేస్తే రేపొస్తానని చెప్పు" అని దుకాణం ఫోను కోడలి చేతిలో పెట్టాడు.

పదకొండు గంటలకి ఫోను మోగింది.

"తాళాల షాపాండీ? తలుపు తియ్యాలి. తొందరగా రావాలి."

"మేస్త్రిగారు లేరమ్మా, రేపొద్దున వస్తారు. తాళంచెవి ఎక్కడైనా పోయిందా?"

"పోలేదు. మా ఆయన జేబులో ఉంది."

"అయితే ఆయన వచ్చేదాకా పక్కింట్లో కూర్చోండి."

"నేను బయట లేనండీ. లోపలున్నాను."

కోడలు చేతిలో ఉన్న ఆకురాయి కింద పెట్టింది. తలుపు బయట నిలబడి తమని తాము తిట్టుకునేవాళ్లు రోజుకి ఇద్దరైనా ఫోన్ చేస్తారు. లోపల్నుంచి ఫోన్ చేసినవాళ్లు ఇంతవరకూ లేరు.

అవతలి అమ్మాయి ఏడవడం లేదు. ఏడుపు అయిపోయాక వచ్చే గొంతుతో, వరసగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు పరీక్షలు రాస్తే వచ్చింది. రెండు గంటల బస్సు ప్రయాణం. అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారాలు ఇంటికి రావాలి. చేరడానికి ఆఖరు గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. భర్త వద్దన్నాడు. ఆమె వెళ్తానంది. వారం రోజులు ఇంట్లో అదే గొడవ. ఈ ఉదయం భర్తా అత్తగారూ బంధువులింటికి బయలుదేరుతూ బయట తాళం వేసుకుని పోయారు.

"రాత్రికి గానీ రారు. 'ఐదు దాటితే ఎలాగూ పోతుంది, ఇంకా పోట్లాటెందుకు, పడుకో' అన్నారండీ తలుపు వేస్తూ."

"పక్కవాళ్లు?"

"మొగుడూ పెళ్లాల మధ్యకి మేం రామన్నారు. పోలీసులకి చేస్తే పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకోమన్నారు. తాళం కింద రేకు మీద మీ నంబరుంది. అందుకని చేశాను."

కోడలు వెంటనే సరే అననిది ఏం చెయ్యాలో తెలియక కాదు. తలుపు తీస్తే ఫిర్యాదు వస్తుందా రాదా అన్న అనుమానం కూడా లేదు. వచ్చి తీరుతుంది. రెండేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని కాపాడుకున్న చోటు ఒక్క మధ్యాహ్నంతో పోతుంది. రేపు రమ్మనడం తేలిక. మామగారు అలా చెప్పమనే చెప్పి వెళ్లాడు. కానీ "పడుకో" అన్న ఆ ఒక్క మాట ఆమెకి ఎక్కడో చురుక్కుమనిపించింది. తాళం వెయ్యడం ఒక ఎత్తు, వేసి పడుకోమని చెప్పడం ఒక ఎత్తు. ఒళ్లు మండిపోయింది.

"మీ ఫొటో, ఆ ఇంటి అడ్రసు ఉన్న కార్డు ఏదైనా ఉందా మీ దగ్గర?"

"ఉందండీ."

"తీసి పెట్టుకోండి. వస్తున్నాను" అంది కోడలు, షట్టరు సగం లాగుతూనే.

మూడో అంతస్తు. మెట్లకి కుడివైపు తలుపు. కార్డు తలుపు కింద సందులోంచి బయటికి వచ్చింది. కోడలు ఫొటో చూసింది, అడ్రసు చూసింది, ఇంటి నంబరు చూసింది. మామగారి పద్ధతి అది. ఇంట్లో మనిషి అవునో కాదో తేల్చుకోకుండా తాళం మీద చెయ్యి వెయ్యకూడదు. ఇంట్లో మనిషే. ఇంతకన్నా ఇంట్లో ఎవరూ ఉండలేరు.

అది మామగారు బిగించిన ఆరు మీటల తాళం. లోపల్నుంచి తియ్యాలన్నా తాళంచెవే కావాలి. రెండు సన్నటి కమ్మీలు లోపలికి పోనిచ్చి, ఒకదానితో బరువు ఆనిస్తూ రెండోదానితో మీటల్ని ఒక్కొక్కటీ లేపాలి. మూడు లేచాయి. నాలుగోది లేపేసరికి మొత్తం ధడాలున పడిపోయాయి. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ నాలుగో దగ్గరే పడిపోయాయి. ఐదోసారికి ఆమెకి అర్థమైంది. మామగారు నాలుగో మీటకి ఎవరికీ చెప్పకుండా గంటు పెట్టాడు. మిగతావాటిని లేపినట్టు దాన్ని లేపకూడదు. వెంట్రుకవాసి లేపి ఆగిపోవాలి. ముసలాయన తెలివికి కోపమూ ముచ్చటా రెండూ వచ్చాయి.

"అవుతుందాండీ?" అంది లోపలి గొంతు.

"మాట్లాడకండి" అంది కోడలు.

యాభై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి తల దువ్వుకుని, బూట్లు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని గడపకి ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి అలా నిలబడిందో. "మీకేం ఇవ్వాలి?" అంది.

"ముందు బస్సు పట్టుకోండి తల్లీ."

ఆ అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది. కోడలు కమ్మీలు తుడిచింది. తాళంలో రెండు చుక్కల నూనె వేసింది. తలుపు మీద వేలిముద్రలు గుడ్డతో తుడిచింది. తరువాత, కమ్మీలు పెట్టి తలుపుకి మళ్లీ తాళం వేసేసింది. ఆలోచించి చేసిన పని కాదది. లోపల ఎవరూ లేని ఇంటిని బార్లా తెరిచి వదిలేసి తాళాలవాళ్లు కదలరు, వాళ్లకి కాళ్లు రావు. దొంగ అయితే పగలగొట్టి పోయేవాడు. ఇంకెవరైనా అయితే దగ్గరికి వేసి పోయేవారు. అంత శుభ్రంగా పని ముగించి వెళ్లేది తాళాలమనిషి ఒక్కరే. ఆ సంగతి కోడలికి సగం దారిలో కూడా తట్టలేదు.

సాయంత్రం మామగారు నల్లకళ్లద్దాలతో మంచం మీద పడుకుని ఉన్నాడు. "మామయ్యా, మీతో ఒక మాట చెప్పాలి" అంది.

"రేపు చెప్పమ్మా. తల పగిలిపోతోంది."

ఆమెకి అప్పటికి హమ్మయ్య అనిపించింది. హమ్మయ్య అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

మర్నాడు ఇద్దరూ షట్టరు ఎత్తి ఇంకా దుమ్ము దులపనైనా లేదు, ముగ్గురు మనుషులు దుకాణం ముందు నిలబడ్డారు. మడత నలగని ఇస్త్రీ చొక్కా వేసుకున్న మగమనిషి, ఆయన వెనక తల వంచుకుని ఆయన తల్లి, పక్కన ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ. ఇస్త్రీ చొక్కాకి పలకరింపులు అక్కర్లేకపోయాయి.

"తాళంచెవి బయటికి తియ్యండి మేస్త్రిగారూ."

"ఏ తాళంచెవి బాబూ?" అన్నాడు పెద్దమేస్త్రి.

"మా ఇంటిది! మీ దగ్గర దాచుకున్నది! రాత్రి వచ్చి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉంది. గీత పడలేదు, గోరంత దెబ్బ లేదు. పైగా తాళంచెవి పెడితే వెన్నలా తిరిగింది. లోపల మా ఆవిడ లేదు. గాల్లో కలిసిపోయిందా? తాళంచెవులు రెండే. ఒకటి నా జేబులో ఉంది, ఇంకోటి నా ఆఫీసులో ఉంది. మూడోది ఎవరి దగ్గరుంటుంది? బిగించినవాడి దగ్గర. ఎంతిచ్చింది మీకు?"

"బాబూ, నలభై ఏళ్లుగా…"

"మా బిల్డింగులో పద్దెనిమిది తాళాలు మీరే బిగించారండీ" అన్నాడు సెక్రటరీ, కాస్త మర్యాదగానే. "పొద్దున్నుంచీ అందరూ నన్ను పీక్కుతింటున్నారు. అన్నీ మార్చేస్తామంటున్నారు. ఆడపిల్లలున్న ఇళ్లు."

జిరాక్సు సెంటరు అతను పని ఆపి బయటికి వచ్చాడు. మందుల దుకాణంలో చీటీ పట్టుకున్నవాళ్లు ఇటు తిరిగారు. పెద్దమేస్త్రి కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. నలభై ఏళ్లలో ఆయన్ని ఆ మాట అన్నవాళ్లు లేరు.

ఆయన పక్కనే కోడలు నిలబడి ఉంది. చిత్రమేమిటంటే, ముగ్గురిలో ఒక్కరు కూడా ఆమె వంక చూడలేదు. ఆ తలుపు తీసిన చేతులు చీపురు పట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాయి, ఎవరికీ కనిపించలేదు. నోరు కుట్టేసుకుంటే చాలు, ఆమె చోటు ఆమెకి ఉంటుంది. ఫిర్యాదు వచ్చింది మామగారి మీద, ఆమె మీద కాదు. ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు, ఆ ఆలోచన ఆమెకి వచ్చింది. ఆ తరువాత మామగారు బల్ల సొరుగు లాగి, కావాలంటే వెతుక్కోమన్నట్టు వాళ్ల ముందు పెట్టడం చూసింది.

"ఆ తాళం తెరిచింది నేను" అంది.

ఇస్త్రీ చొక్కా ఆమెని అప్పుడు చూశాడు. చూసి నవ్వాడు. "అమ్మా, మామగారి మీద ప్రేమ ఉండాల్సిందే, కాదనను. కానీ చెప్పేది కాస్త నమ్మేట్టు చెప్పు. దీన్ని తాళంచెవి లేకుండా తెరిచే మొనగాడు ఈ చుట్టుపక్కల లేడని బిగించిననాడు ఈయనే అన్నాడు."

"మొనగాడు లేడనే అన్నారు. నేనున్నాను."

సెక్రటరీ కూడా నవ్వాడు. జిరాక్సు సెంటరు అతను నవ్వాడు. అదైనా ఆమె భరించేదే. కానీ పెద్దమేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు, "ఊరుకో అమ్మాయ్. నాకోసం నువ్వు నింద నెత్తిన వేసుకోకు. అది నాకే గంట పట్టే తాళం."

రెండేళ్లు ఆయన పక్కనే నిలబడింది. ఆయన చూపు ఆనని పనులన్నీ తన వేళ్లతో చేసింది. ఆయన కూడా నమ్మలేదు. ఇస్త్రీ చొక్కా నవ్విన నవ్వుకన్నా అది ఎక్కువ మండింది.

చీపురు గోడకి ఆనించి పనిముట్ల సంచి భుజాన వేసుకుంది. "పదండి. మీ తలుపు మీరే వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. తెరిచి చూపిస్తాను."

"తెరవలేకపోతే?"

"మా మామయ్యని ఏమన్నా అనండి. పడతాం."

తెరిస్తే ఏమిటని ఎవరూ అడగలేదు.

మూడో అంతస్తు మెట్ల మీద జనం పోగయ్యారు. నిన్న "మేం రాము" అన్న ఎదురింటివాళ్లు ఈ రోజు తలుపు తీసుకుని అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా తాళం వేసి, నలుగురికీ చూపించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కోడలు మోకాళ్ల మీద కూర్చుంది. కమ్మీలు లోపలికి పోనిచ్చింది.

నిన్న నిశ్శబ్దంగా ఉంది. ఈ రోజు వెనకాల సంత. "చూడు చూడు, ఆడదాని చేతిలో ఆ సామాను చూడు." "సినిమాల్లో దొంగలకి కూడా ఇన్ని ఉండవు." ఒకటి లేచింది, రెండు లేచాయి, ఎవరో గట్టిగా తుమ్మారు, అన్నీ పడిపోయాయి. మళ్లీ పెట్టింది. చెమటకి కమ్మీ జారింది. మళ్లీ పడిపోయాయి. ఇస్త్రీ చొక్కా గడియారం చూసుకుని, "ఇంకెంతసేపు ఈ నాటకం? నాకు ఆఫీసుంది" అన్నాడు.

కోడలు వెనక్కి తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. "పది నిమిషాలు అందరూ నోళ్లు మూసుకోండి. తరవాత మీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకోండి."

మూసుకున్నారు. ఎందుకో వాళ్లకే తెలియదు.

ఒకటి. రెండు. మూడు. వెనకాల గోడకి చేరగిలబడ్డ పెద్దమేస్త్రికి తాళం కనిపించడం లేదు కానీ, ఆయన కళ్లతో వినేవాడు కాదుగదా. లోపల మీట లేచిన చప్పుడు ఆయనకి తెలుస్తోంది. మూడో చప్పుడు విన్నాక ఆయన గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఆయనకి తెలియకుండానే నోట్లోంచి మాట జారింది.

"మెల్లగా…"

"తెలుసు" అంది కోడలు, తల తిప్పకుండా. "గంటు పెట్టారుగా."

పెద్దమేస్త్రి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ గంటు సంగతి ఆయన కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. నాలుగోది వెంట్రుకవాసి లేచి ఆగింది. ఐదు. ఆరు. గడియ వెనక్కి పోయింది. కోడలు తలుపుని ఒక్క వేలితో నెట్టింది, అది గోడదాకా తెరుచుకుంది.

సెక్రటరీ పెద్దమేస్త్రి ముందుకొచ్చి చేతులు జోడించాడు. "క్షమించండి మేస్త్రిగారూ. మిమ్మల్ని అనరాని మాట అన్నాం."

ఇస్త్రీ చొక్కా మొహం మాత్రం కందిపోయింది. "అయితే నా పెళ్లాన్ని దాటించింది నువ్వేనన్నమాట!"

"నేను దాటించలేదు. ఆవిడే మెట్లు దిగి వెళ్లింది. పరుగెత్తింది కూడా."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. నేనిక్కడే ఉంటాను. ఈ ఇంటి అడ్రసుతో కార్డు చూపించి ఈ ఇంటి మనిషి తలుపు తియ్యమంది, తీశాను. వాళ్లు మొదట అడిగేది తాళం ఎవరు తీశారని కాదు. లోపల మనిషుండగా ఎవరు వేశారని."

సెక్రటరీ దగ్గాడు. ఎదురింటివాళ్లకి లోపల పొయ్యి మీద ఏదో గుర్తొచ్చింది. మెట్లు ఖాళీ అయ్యాయి. ఇస్త్రీ చొక్కా తల్లి మాత్రం ఆ తెరిచిన తలుపునే చూస్తూ కదలకుండా నిలబడింది. ఆవిడ కొడుకు పెద్దమేస్త్రి వైపు తిరిగి వేలు చూపించాడు. "మీ కోడల్ని ఇంట్లో కూర్చోబెట్టుకోండి. ఇది నా ఫిర్యాదు. కాగితం మీద కావాలంటే రాసిస్తా."

కోడలు కమ్మీలు సంచిలో వేసుకుంది. వచ్చింది. రెండేళ్లుగా భయపడ్డ ఆ మాట ఎట్టకేలకి వచ్చేసింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అత్తగారు గరిటె కింద పెట్టింది. "నేను చెప్పలా? వీధి వీధంతా అదే మాట. షరతు ఉందిగా."

"ఉంది" అన్నాడు పెద్దమేస్త్రి కంచంలోకి చూస్తూ. "నా నిజాయితీ నిలబెట్టావమ్మా, నేను కాదనను. నమ్మనందుకు నాకే సిగ్గుగా ఉంది. కానీ మాటంటే మాట. నువ్వే ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను మామయ్యా." కోడలు చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడే మాట్లాడింది. "మీకు నిన్న సాయంత్రమే చెప్పకపోవడం నా తప్పు. దానికి ఎంత తిట్టినా పడతాను. తలుపు తియ్యడం తప్పు కాదు. ఆ షరతుకి తలూపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎవరికీ కోపం రాకుండా తలుపులు తియ్యడం కుదరదు. రేపు నేను షాపుకి వస్తున్నాను. ఎల్లుండి కూడా వస్తాను."

"ఎంత మాట!" అంది అత్తగారు.

అప్పటిదాకా నోరెత్తకుండా తింటున్న కొడుకు నీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "నాకు మీటర్లు చూస్తూ రోజుకి పది ఫిర్యాదులు వస్తాయి. మొన్న ఒకాయన కుక్కని వదిలాడు. నన్ను ఉద్యోగం మానెయ్యమని ఈ ఇంట్లో ఎవరూ అనలేదే?" అన్నాడు.

పెద్దమేస్త్రి మజ్జిగ కూడా పోసుకోకుండా లేచిపోయాడు.

మర్నాడు ఆయన ఎప్పటికన్నా ముందే బయలుదేరి వెళ్లిపోయాడు. కోడలు వెళ్లేసరికి మిషను ముందు బైఠాయించి ఉన్నాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు. జరగనూ లేదు. ఆమె గోడవారగా నిలబడింది. వచ్చినవాళ్లకి తాళంచెవులు ఆయనే కోశాడు. మోకాళ్లు నొప్పెడుతున్నాయని మొహంలో తెలుస్తున్నా లేవలేదు. మొండితనంలో ఆయన నలభై ఏళ్లు ముందున్నాడు, కానీ ఆమె కూడా నిలబడడం బాగానే నేర్చుకుంది.

ఎనిమిదిన్నరకి ఇస్త్రీ చొక్కా తల్లి వచ్చింది. ఒక్కతే వచ్చింది. వగరుస్తూ వచ్చి, పిడికిలి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"ఇలాంటిది ఇంకోటి చెయ్యాలి. తొందరగా. వాడు స్నానానికి వెళ్తే జేబులోంచి తీసుకొచ్చాను."

పెద్దమేస్త్రి దాన్ని గుర్తుపట్టాడు. ముట్టుకోలేదు. "అమ్మా, అయిన గొడవ చాలు. మీ అబ్బాయిని రమ్మనండి, చేసిస్తాం."

"పెళ్లయి నలభై ఏళ్లయింది" అందావిడ. "మొదట మా అత్తగారి దగ్గర, తరవాత మా ఆయన జేబులో, ఇప్పుడు వీడి జేబులో. ఏ ఇంట్లోనూ నా చేతిలో తాళంచెవి లేదు. నాకు కావాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు." తాళంచెవిని బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిపింది. "మొన్న వాడు తాళం వేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. లోపల్నుంచి ఆ పిల్ల 'అత్తయ్యా' అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. నేను మెట్లు దిగి వెళ్లిపోయాను."

కోడలు గోడ వదిలి మిషను దగ్గరికి వచ్చింది.

"లేవండి మామయ్యా" అంది కోడలు.

ఆయన తలెత్తి చూశాడు. "మళ్లీ ఫిర్యాదు వస్తుంది."

"వస్తుంది. లేవండి."

ఆయన బల్ల అంచు పట్టుకుని, మోకాళ్లు కూడదీసుకుని లేచి పక్కకి తప్పుకున్నాడు. కోడలు మిషను ముందు కూర్చుని తాళంచెవి బిగించింది.

"ఎక్కడ దాచుకుంటారు పెద్దమ్మా? చూస్తే లాక్కుంటారేమో."

"దాచుకోవడానికైతే ఈ వయసులో ఇంత పరుగు దేనికి? గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలిస్తాను. వాడు రోజూ చూడాలి." ఆవిడ కొంచెం తటపటాయించింది. "రెండు చెయ్యమ్మా. ఒకటి కాదు. ఆదివారం ఆ పిల్ల వస్తే ఇవ్వాలి."

"వస్తుందంటారా?"

"తెలీదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేస్తాను."

కోడలు మిషను ఆన్ చేసింది. మొదటి తాళంచెవి పళ్లు సగం కూడా పడలేదు, పెద్దమేస్త్రి గోడ మీద దండల్లో వెతికి, రెండోదానికి సరిపోయే పళ్లు కొయ్యని తాళంచెవి తీసి ఆమె చేతికి అందించాడు.